పిలకాయల కండ్లద్దాలకి తిరుపతిలో ఈ షాపుకే ఎందుకు పంపిస్తానంటే

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు కోసినానో కింద వస్తాది. నేను చంద్రగిరి పక్క ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను, మా బడిలో సైటు ఉన్న పిలకాయల్ని వాళ్ళ అమ్మానాన్నలకి చెప్పి ఈ షాపుకి పంపిస్తా ఉంటా, ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోతే నేనే స్కూటీ మీద ఎక్కించుకోని పోతా, అందుకని ఒకసారి పోయి ఫ్రేమ్ బాగుంది, అన్న బాగా మాట్లాడినాడు అని రాసే రకం రివ్యూ కాదు ఇది, చానామంది ముక్కుల మీద చూసినాక రాస్తున్నా. షాపు గాంధీ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది. ఏసీ లేదు, గాజు తలుపు లేదు, హీరోయిన్ ఫోటో లేదు, షట్టర్ ఎత్తితే ఒక కౌంటరు, గోడకి ఫ్రేములు, సైటు చూసే మిషను, వెనకాల లెన్సు కోసే మిషను, అంతే. ఒక అన్న, ఆయన కొడుకు ఉంటారు.

పిలకాయల అద్దాల విషయంలో నేను చూసేది ఒక్కటే. జూన్‌లో చేయించిన అద్దాలు దసరా సెలవులు అయిపోయి బడి తెరిచినాక ఆ బిడ్డ ముఖం మీద ఉన్నాయా, బ్యాగులో ఉన్నాయా, ఇంట్లో బీరువా మీద డబ్బాలో ఉన్నాయా. ముఖం మీద లేకపోతే ఎంత పెద్ద డాక్టరు రాసినా, ఎంత ఖరీదు లెన్సు వేసినా, ఫ్రీగా ఇచ్చినా డబ్బులకి ఇచ్చినా అన్నీ ఒకటే, నేను బోర్డు మీద రాసిన మైనస్ గుర్తు వాడికి కనపడదు, కూడేస్తాడు, ఆన్సర్ తప్పు వస్తాది, వీడికి లెక్కలు రావు అని ఇంట్లో తన్నులు. లెక్కలు రాక కాదు నాయనా, గీత కనపడక.

ఫ్రీ టెస్టుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా లాంటి బడుల్లో చానామందికి సైటు ఉందని మొదట బయటపడేది అక్కడే. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976 నుంచే ఉంది, బడుల్లో కండ్ల పరీక్షలు, లేనోళ్ళ పిల్లలకి ఫ్రీ అద్దాలు దాంట్లోవే. 2013లో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) వచ్చినాక పుట్టిన బిడ్డ కాడి నుంచి 18 ఏళ్ళ దాకా చూసే టీములు అంగన్‌వాడీలకి, బడులకి వస్తా ఉన్నాయి, మిగతా జబ్బులతో పాటు చూపు కూడా చూస్తారు. ఇంక 2019 అక్టోబర్ 10న అనంతపురంలో రాష్ట్ర సర్కారు మొదలుపెట్టిన కంటి వెలుగు అందరికీ గుర్తుండే ఉంటాది, మొదటి విడతలు బడి పిలకాయలకే చేసినారు. మా స్టాఫ్ రూములో దాని మీద రాజకీయం ఎట్లన్నా మాట్లాడుకోనీ, వరండాలో చార్టు తగిలించి, టేపుతో ఆరు మీటర్లు కొలిచి, సుద్దతో గీత గీసి, ఒక్కో కన్ను మూయించి చదివించే పని మాత్రం మంచి పనే, ఎవరు చేసినా మంచి పనే. అక్షరాలు రాని చిన్నోళ్ళకి ఇంగ్లీషు 'ఈ' ని నాలుగు దిక్కులకీ తిప్పి వేసిన చార్టు ఉంటాది, ఆ కాళ్ళు ఎటు పక్క ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు.

టీచర్లు ఎవరన్నా చదువుతా ఉంటే ఒక మాట, కన్ను వేళ్ళతో మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూసేస్తారు, అరచెయ్యి గుంటగా పెట్టించండి. లైన్లో నిలబడినోడు ముందోడు చదివింది బట్టీ పట్టి గడగడా అప్పచెప్పేస్తాడు, మనోళ్ళు ఎక్కాలు నేర్చుకోరు గానీ ఇది మాత్రం ఒక్కసారికే వచ్చేస్తాది, కాబట్టి లైనుని చార్టు కనపడని తావులో నిలబెట్టండి.

టెస్టు దాకా బాగానే ఉంటాది, కథ చెడేది అద్దాలు వచ్చినాకే. ఒక క్యాంపు వాళ్ళు (పేరు ఎందుకులే) మా బడికి అద్దాలు పంపించినారు, అన్నీ ఒకటే నల్ల ఫ్రేము, ఒకటే సైజు. ఆరో తరగతి బక్క పిల్లోడికీ అదే, మీసాలు వచ్చిన పదో తరగతోడికీ అదే. చిన్నోడికి జారిపోయి ముక్కు కొనకి వచ్చి నిలబడ్తాది, వాడు తల ఎత్తి ఆ సందులోంచి చూస్తాడు, అంటే అద్దం ఉన్నా అద్దంలోంచి చూడటం లేదు. పెద్దోడికి కణతల కాడ ఒత్తి సాయంత్రానికి గుంటలు పడి తలనొప్పి. సరిచేసేదానికి ఎవరూ రాలేదు, ఫోన్ చేస్తే మళ్ళీ క్యాంపు పెట్టినప్పుడు చూస్తాం అన్నారు. పంచిన రోజు అందరూ పెట్టుకోని ఫోటో దిగినారు, తర్వాత క్లాసులో ఒక్కో ముఖం మీద నుంచి మాయం అయిపోతా వచ్చినాయి. దీనికి తోడు సోడాబుడ్డి అని పిలిచే వాళ్ళు ఉంటారు కదా. ఎనిమిదో తరగతి పాప ఒకతి ఎంత చెప్పినా పెట్టుకోకపోతే వాళ్ళ ఇంటికి పోయినా, వాళ్ళ అవ్వ మంచం మీద నుంచే అందుకునింది, "ఆడబిడ్డకి ఇప్పుడే అద్దాలేంది టీచరమ్మా, రేపు పెండ్లికి చూసేదానికి వచ్చినోళ్ళు ఏమనుకుంటారు". ఏం చెప్తాం. ఆ పాపకి సైటు మైనస్ మూడు.

ఇప్పుడు షాపుకి వస్తా. ఈ అన్నలో నాకు మొదట నచ్చింది ఆయన అమ్మింది కాదు, అమ్మనన్నది. ఒక తండ్రి పిల్లోడిని తీసుకోని వచ్చి, "ఆడ ఆస్పత్రిలో లైన్లో కూర్చుంటే ఒక దినం కూలి పోతాది అన్నా, మీ మిషన్లో చూసి ఇచ్చేయండి" అని బతిమాలుతున్నాడు. ఈయన, "పెద్దోళ్ళకైతే చేసిస్తా సామీ, పిలకాయలకి మొదటి జత మాత్రం చుక్కల మందు వేసి చూడకుండా నేను చెయ్యను, డాక్టరు చీటీ తీసుకోని రా, ఫ్రేము పక్కన పెట్టి ఉంచుతా" అన్నాడు. పక్క వీధిలోకి పోతే పది నిమిషాల్లో చేసిచ్చే షాపులు ఉన్నాయని ఆయనకి తెలియదా, తెలుసు, అయినా పంపించేసినాడు.

కారణం ఏమిటంటే, పిలకాయల కంటికి దగ్గరికి ఫోకస్ పట్టే బలం చానా జాస్తి. ఆ సైటు చూసే మిషన్లో గడ్డం పెట్టి లోపల బొమ్మని చూస్తా ఉంటే కన్ను తెలియకుండానే బిగబడుతాది, అప్పుడు లేని మైనస్ (దూరం కనపడని సైటు) చూపిస్తాది, ఉన్న ప్లస్‌ని (దగ్గరిది చూసేదానికి కన్ను కష్టపడే సైటు) దాచేస్తాది. చుక్కలు వేస్తే ఆ కండరం సడలి అసలు పవర్ బయటికి వస్తాది. కంటిపాప పెద్దదై వెలుతురు గుచ్చుతాది, పుస్తకం ఒక రోజు అటూ ఇటూ మసగ్గా ఉంటాది, దానికి భయపడొద్దు. బాగా చిన్న పిలకాయలకి అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇచ్చి ఇంట్లో మూడు రోజులు పెట్టుకోని రమ్మంటారు కొన్నిసార్లు, ఆ మసక అయితే వారం పైన కూడా ఉంటాది, కాబట్టి పరీక్షల ముందు పెట్టుకోవద్దు. మందు దిగినాక మళ్ళీ పిలిచి అద్దాలు పెట్టి చూసి అప్పుడు ఫైనల్ చీటీ రాస్తారు. చానామంది ఈ రెండోసారికే ఎగ్గొడతారు.

చుక్కలు వేయించేదానికి తిరుపతిలో తావులు లేకపోలేదు. రుయా సర్కారు ఆస్పత్రిలో కండ్ల ఓపీ ఉంది, డబ్బులు అక్కర్లేదు, పొద్దున్నే పోవాలి, ఓపిక ఉండాలి. టీటీడీ స్థలంలో 2019లో మొదలైన అరవింద్ కండ్ల ఆస్పత్రి ఉంది, మదురైలో 1976లో డాక్టర్ వెంకటస్వామి గారు రిటైర్ అయినాక పదకొండు మంచాలతో పెట్టిన దాని కొమ్మే ఇది. నేను పిలకాయల్ని తీసుకోని పోయినప్పుడు అక్కడ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పంపిస్తా పోతా ఉన్నారు, విసుగు వస్తాది కానీ ఎవరూ మనల్ని మర్చిపోలేదు. చుక్కలు వేసినాక కూర్చోవాల్సిన టైము తగ్గదు, టిఫిన్ తినిపించి తీసుకోని పోండి, ఆకలేసిన పిల్లోడు చార్టు చదవడు.

చుక్కలు ఎందుకు అనేదానికి ఇంకో సంగతి. మా బడి పక్కనే ఉన్న ఎలిమెంటరీ పిల్లోడు ఒకడు, వాడికి చూపు బాగానే ఉంది అనుకున్నారు అందరూ, టీవీ చూస్తాడు, క్రికెట్ ఆడతాడు. చార్టు దగ్గర కుడి కన్ను మూస్తే ఏడుపు మొహం పెట్టినాడు. చుక్కలు వేసి చూస్తే ఒక కంట్లో ప్లస్ పవర్ బాగా ఉంది, ఇంకోటి మామూలుగా ఉంది, మెదడు మంచి కంటినే వాడుకోని రెండోదాన్ని పక్కన పెట్టేస్తాది, దీన్ని లేజీ ఐ అంటారు. ఏడెనిమిదేళ్ళ లోపల పట్టుకుంటే అద్దాలు పెట్టి, మంచి కన్నుకి రోజూ కొన్ని గంటలు ప్యాచీ (కన్ను కప్పే పట్టీ) అంటించి రెండోదానికి పని చెప్తే చూపు వస్తాది, ఆలస్యం అయ్యే కొద్దీ కష్టం. వాడికి ప్యాచీ మీద ఈ షాపు కొడుకు పెన్నుతో పులి కన్ను వేసి ఇచ్చినాడు. అప్పటి నుంచి వాడే అడిగి అంటించుకున్నాడని వాళ్ళమ్మ చెప్పింది.

ఫిట్టింగ్ గురించి రాయాలి, ఈ షాపుకి మార్కులు వేసేది అసలు అక్కడే. పిలకాయల్ని స్టూల్ మీద కూర్చోబెట్టి ఆయన వాళ్ళ ఎత్తుకి వంగి కూర్చుంటాడు, పై నుంచి చూడడు. మిల్లీమీటర్ స్కేలు ముక్కు మీద ఆనించి రెండు కంటిపాపల మధ్య దూరం కొలుస్తాడు, పెద్దోళ్ళకి అరవై పైన ఉంటే వీళ్ళకి యాభై చిల్లర ఉంటాది, లెన్సు మధ్య భాగం సరిగ్గా కంటిపాప ముందరికి రావాలి, రాకపోతే పవర్ కరెక్టుగా ఉన్నా కళ్ళు లాగుతాయి. తర్వాత ఫ్రేము పెట్టి, డమ్మీ అద్దం మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెడతాడు. అద్దాలు తయారైనాక చెవి వెనకాల వంపు చూస్తాడు, హీటర్లో ఆ కాడని వేడి చేసి, బొటనవేలితో కొంచెం కొంచెంగా వంచి, చల్లారినాక తన చెంపకి ఆనించి చూసుకోని అప్పుడు పిల్లోడికి పెడతాడు. పెట్టినాక "కిందికి చూడు, తల ఊపు, ఇప్పుడు ఎగురు" అంటాడు. షాపులో ఎగరాలి! మొదట సిగ్గుపడతారు, ఆ తర్వాత ఆపమన్నా ఆపరు. జారితే మళ్ళీ హీటరే. మన పిలకాయలకి ముక్కు దూలం ఇంకా పైకి లేచి ఉండదు కదా, ప్లాస్టిక్ ఫ్రేము నిలబడదు, అందుకని సిలికాన్ ముక్కు దిండ్లు ఉండేవే చూపిస్తాడు.

పైన చెప్పిన ఎనిమిదో తరగతి పాపని కూడా ఇక్కడికే తీసుకోని పోయినా, వాళ్ళ అవ్వని కూడా. ఫ్రేము ఏది కావాలో మనం చెప్పొద్దు, పాపనే ఏరుకోనీ అన్నాడు అన్న. అది తిరిగి తిరిగి వంకాయ రంగుది తీసింది. అవ్వకి నచ్చలేదు, నాకూ నచ్చలేదు, కానీ పెట్టుకునేది మేము కాదు కదా. అద్దాలు పెట్టినాక సందు అవతల బట్టల షాపు బోర్డు చదవమన్నాడు, పాప బోర్డు చదివి, కింద చిన్నగా రాసిన ఫోన్ నంబరు కూడా చదివేసింది. అప్పుడు అవ్వ, "అది నీకు ఇన్నాళ్ళూ కనపడలేదా మే?" అనింది. అంతే, పెండ్లి మాట మళ్ళీ రాలేదు. ఆ వంకాయ రంగుది ఇప్పటికీ ముఖం మీదే ఉంది, రెండో బెంచీలో కూర్చుంటాది.

పవర్ అంటే ఏందో ఆయన చెప్పే పద్ధతి లెక్కల టీచరుగా నాకు భలే నచ్చింది. మైనస్ ఉన్నోళ్ళకి 100ని ఆ పవర్‌తో భాగించు, ఎంత వస్తే అన్ని సెంటీమీటర్ల దాకే అద్దం లేకుండా క్లియర్‌గా కనపడ్తాది. మైనస్ ఒకటి అంటే ఒక మీటరు. మైనస్ రెండు అంటే అర మీటరు. మైనస్ నాలుగు అంటే పాతిక సెంటీమీటర్లు, అంటే జానెడు పైన కొంచెం. మా క్లాసులో మొదటి బెంచీకీ బోర్డుకీ మధ్యనే రెండు మీటర్లు ఉంటాది, ఇంక మీరే వేసుకోండి. "వీడికి కొంచెమే సైటు, ఒకటిన్నరే" అనే తల్లిదండ్రులకి నేను ఇప్పుడు ఈ భాగహారమే చేయిస్తున్నా, 66 సెంటీమీటర్లు అని వాళ్ళ నోటితోనే వచ్చినాక మాట్లాడరు.

లెన్సుల రేట్లు. పిలకాయలకి గాజు లెన్సు అడిగినా ఇవ్వడు, పగిలితే కంట్లో పోతాది అంటాడు, కరెక్టే. మామూలు ప్లాస్టిక్ లెన్సు సవక, పాలీకార్బొనేట్ ఎచ్చు, కానీ బాల్ తగిలినా పగలదు, ఆడుకునే వయసు కాబట్టి దానికి పెట్టొచ్చు, గీతలు మాత్రం తొందరగా పడతాయి, కోటింగ్ ఉండేది తీసుకోండి. మేము కిందటిసారి తీసుకున్నది ఫ్రేము 450, పాలీ లెన్సులు 900, అదే రకం పెద్ద షోరూములో అడిగితే రెండున్నర వేలు చెప్పినారు, పైగా వాళ్ళు బ్లూ కట్ (స్క్రీను నీలం వెలుతురు ఆపే లెన్సు) పెట్టుకోండి మేడమ్ ఆన్‌లైన్ క్లాసులకి మంచిది అని వదలరు. ఆ బ్లూ కట్ సంగతి, 2023లో వైద్య పరిశోధనల్ని కలిపి చూసే కాక్రేన్ సంస్థ వాళ్ళు అప్పటి దాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసి, మామూలు లెన్సుతో పోలిస్తే కంటి అలసట తగ్గేదేమీ పెద్దగా కనపడలేదని తేల్చినారు. ఈ అన్న దగ్గర కూడా ఉంది, అడిగితే ఇస్తాడు, అడక్కపోతే చెప్పడు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి పవర్ అద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లు అడిగి చూసుకోండి, కొన్ని తావుల్లో పాత రేటే చెప్తా ఉన్నారు. ఈయన బిల్లు చేత్తో రాస్తాడు కానీ 5 అనే రాసినాడు.

సిలిండర్ పవర్ (ఒక దిక్కుకి మాత్రం సరిచేసే పవర్) ఉన్నోళ్ళు ఒకటి జాగ్రత్త, చీటీలో యాక్సిస్ అని డిగ్రీలు ఉంటాయి, లెన్సు ఆ కోణంలోనే కూర్చోవాలి, 180కి బదులు 90లో పెట్టేస్తే అద్దం లేనిదే నయం అనిపిస్తాది. తయారైనాక చీటీ పక్కన పెట్టి లెన్సు పవర్ కొలిచే మిషన్లో చెక్ చేసి చూపించమని అడగండి, ఈ షాపులో అడగకుండానే చూపిస్తారు.

ఆ తర్వాత సర్వీసు. పిలకాయల అద్దాలంటే విరుగుతాయి, ఇది రాసి పెట్టుకోండి. తమ్ముడు కూర్చుంటాడు, కబడ్డీలో పోతాది, బస్సులో ఒత్తుకుంటాది. స్క్రూ ఊడితే, కాడ వదులైతే ఇక్కడ డబ్బులు తీసుకోరు, ఎన్నిసార్లు పోయినా మొహం మాడ్చరు. కౌంటరు కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, పిల్లోడి పేరు, బడి పేరు, పవర్, కంటిపాపల దూరం, ఫ్రేము సైజు అన్నీ రాసి పెట్టుకుంటాడు, చీటీ పారేసుకున్నా పరవాలేదు, ఒక పక్క లెన్సు పగిలితే ఆ ఒక్కటే చేసిస్తాడు. అయితే చీటీ తేదీ సంవత్సరం దాటి ఉంటే మాత్రం చెయ్యడు, మళ్ళీ చూపించుకోని రా అంటాడు, పెరిగే పిలకాయలకి పవర్ మారతా ఉంటాది కదా. దసరా తర్వాత కూడా మా పిలకాయల ముఖాల మీద అద్దాలు ఉన్నాయంటే సగం ఈ నోట్‌బుక్ పుణ్యమే.

ఇంక కోసిన మార్కు. చెప్పిన టైముకి ఇవ్వడు, ఇది పెద్ద జబ్బు. రేపు సాయంత్రం అంటే ఎల్లుండి అనుకోండి, సిలిండర్ ఉంటే ఇంకో దినం వేసుకోండి. ఫోన్ చేస్తే ఎత్తడు, అద్దాలు రెడీ అని మెసేజ్ పెట్టే అలవాటు లేదు, పాకాల నుంచో పుత్తూరు నుంచో బస్సెక్కి వచ్చినోళ్ళు ఉత్త చేతులతో తిరిగిపోవడం నా కళ్ళతో చూసినా, కూలి పోగొట్టుకోని వచ్చినోళ్ళకి అది చిన్న విషయం కాదు. కూర్చునేదానికి ఒకటే బెంచీ. బండి పెట్టుకునేదానికి సందులో తావు లేదు, బ్రహ్మోత్సవాల టైములో అయితే ఆ పక్కకే పోవద్దు. పెద్దపిల్లోళ్ళకి నచ్చే మోడల్ ఫ్రేములు తక్కువ, పదో తరగతోళ్ళు ముఖం ముడుచుకుంటారు. కొడుకు ఉన్నప్పుడు పోతే ఫిట్టింగు కొంచెం తొందర తొందరగా చేస్తాడు, నాయన లాగా ఎగరమనడు, మీరే ఎగిరించండి.

తల్లిదండ్రులు అందరూ అడిగేది ఒకటే, అద్దాలు పెడితే సైటు పెరుగుతాది కదా అని. పెరగదు. పిల్లోడు పొడుగు పెరిగినట్టే కనుగుడ్డు కూడా పొడుగు అవుతాది, మైనస్ అందుకే పెరుగుతాది, అద్దం పెట్టినా పెట్టకపోయినా. తక్కువ పవర్ రాయించుకుంటే ఆగుతాది అని కొందరు బేరం ఆడతారు, మలేషియాలో పిల్లలకి అట్లనే తక్కువ పవర్ ఇచ్చి చూసిన ట్రయల్ ఒకటి 2002లో వచ్చింది, తగ్గకపోగా ఇంకొంచెం ఎక్కువే పెరిగింది. పని చేసేది ఏందంటే ఎండలో, బయట వెలుతురులో తిరగడం. చైనాలో గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజుకి 40 నిమిషాలు బయట పీరియడ్ అదనంగా పెట్టి మూడేళ్ళు చూసినారు, 2015లో ఫలితాలు వచ్చినాయి, మామూలు బడుల్లో దాదాపు 40 శాతం మందికి కొత్తగా మైనస్ వస్తే, వీళ్ళలో 30 శాతం మందికి వచ్చింది. ఆగిపోలేదు, తగ్గింది, దానికి ఖర్చు ఏముంది, గ్రౌండ్. మనం చేసేది ఏంది, సిలబస్ కాలేదని పీఈటీ సారు దగ్గర పీరియడ్ అడుక్కోని లెక్కలు చెప్తాం. కార్పొరేట్ బడుల్లో అయితే అడుక్కునేదానికి గ్రౌండే ఉండదు, మూడో అంతస్తులో ట్యూబ్ లైట్ కింద సాయంత్రం దాకా. ఈ విషయంలో షాపు అన్న మాట ఒకటి ఉంది, "నా యాపారం పెంచేది మీ బళ్ళే టీచరమ్మా" అంటాడు నవ్వుతా.

చిత్తూరు వాళ్ళకి నేను ఈ షాపు చెప్పను, మీకు వేలూరు దగ్గర, అక్కడ సీఎంసీ వాళ్ళ షెల్ కండ్ల ఆస్పత్రి ఉంది, చూపించుకోవడం, చేయించుకోవడం ఒకే పక్క అయిపోతాది, స్క్రూ కోసం ఇంత దూరం రాలేరు కదా. తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వాళ్ళు రావొచ్చు. జూన్ మొదటి రెండు వారాలు రద్దీ, ఏప్రిల్ చివర్లో పరీక్షలు అయిపోయినాక చుక్కలు వేయించుకోని వస్తే నిమ్మళంగా చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం దాకే తెరుస్తాడు. పాత అద్దాలు ఉంటే విరిగినవైనా సరే తీసుకోని పోండి, వాటి పవర్ చూసి ఎంత మారిందో చెప్తాడు, ఫ్రేము బాగుంటే లెన్సులు మాత్రమే మారుస్తాడు. పిల్లోడిని ఇంట్లో పెట్టి చీటీ మాత్రం ఇచ్చి పంపిస్తే చెయ్యడు, ముక్కు లేకుండా ఫ్రేము ఎట్ల ఇచ్చేది అని తిరిగి పంపించేస్తాడు.